అప్‌డేట్: 90 కిలోల దగ్గర ఆగిన స్క్వాట్ కదిలింది

స్క్వాట్ (బార్ భుజాల మీద పెట్టుకుని కిందికి దిగి లేవడం) 90 కిలోల దగ్గర ఆగిపోయింది, ప్రతి వారం బరువు పెంచాల్సిందేనా, డీలోడ్ వారంలో, అంటే ఒళ్లు కోలుకోవడానికి తేలిగ్గా గడిపే వారంలో, జిమ్ పూర్తిగా మానేయాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. మానొద్దు, తగ్గించు అని చాలామంది చెప్పారు. అలాగే చేశాను. ఇప్పుడు 95 కిలోలతో సెట్‌కు ఐదు రెప్స్ (వరసగా ఐదుసార్లు) శుభ్రంగా వస్తున్నాయి.

ఆ వారం సెట్లు సగానికి తగ్గించి, బరువు కూడా కొంచెం దించాను. ఇంకో సెట్ వేద్దామని మొదట్లో చాలా అనిపించింది, ఆపుకున్నాను. వారం చివరికి మోకాలి పైన పట్టేసినట్టుండే నొప్పి పోయింది, నిద్ర బాగా పట్టింది. తర్వాత సోమవారం బార్ భుజాల మీద పెట్టుకుని కిందికి దిగాక తేడా తెలిసింది. లేచేటప్పుడు ఛాతీ ముందుకు వాలలేదు, మడమలు నేలకు అతుక్కునే ఉన్నాయి.

ఓవర్‌హెడ్ ప్రెస్ (బార్‌ను తల పైకి ఎత్తడం) సంగతి వేరు. మా కర్నూలు జిమ్‌లో 1.25 కిలోల ప్లేటే అన్నిటికంటే చిన్నది. రెండు వైపులా వేస్తే 2.5 కిలోలు, ఆ లిఫ్ట్‌కు అది పెద్ద పెంపే. అందుకే అదే బరువుతో ఐదు రెప్స్ నుంచి ఎనిమిది దాకా వెళ్లాకే పెంచుతున్నాను. నేను అడగకపోయినా ఈ మాట చెప్పిన అన్నకు ప్రత్యేకంగా థాంక్స్.

మామూలుగా ఆరు వారాలకోసారి డీలోడ్ అనుకుంటున్నాను. మే నెలలో మాత్రం ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, రేకుల షెడ్డు కింద బార్ పట్టుకుంటేనే కాలుతుంది. అప్పుడు నాలుగు వారాలకే తీసుకుంటాను, ప్రాక్టీస్ తెల్లవారుజామునే.