మార్కుల ప్రకారం సెక్షన్లు విడగొట్టడం పిల్లలకు మేలా, కీడా?

పటమట అమ్మ:
మా అమ్మాయి ఇక్కడే విజయవాడలో ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. దసరా ముందు దాకా రెండో సెక్షన్‌లో ఉండేది. వరసగా మూడు వీక్లీ టెస్టుల్లో మార్కులు తగ్గాయని సెలవులయ్యాక ఆరో సెక్షన్‌లో వేశారు. వాళ్ల కాలేజీలో పై సెక్షన్లకు ఐడీ కార్డు తాడు నీలం, కింది సెక్షన్లకు పసుపు. మొన్న సాయంత్రం బాల్కనీలోంచి చూస్తుంటే, బస్సు దిగగానే ఆ తాడు మెడలోంచి తీసి బ్యాగులో కుక్కేసుకుని, అప్పుడు వీధిలోకి వచ్చింది. అడిగితే ఉక్కగా ఉందమ్మా అంది. ఆ రాత్రే ఒక లెక్క సగం చేసి పెన్ను పక్కన పెట్టేసి, "మా సెక్షన్‌కి ఇంత కష్టమైనవి ఇవ్వరులే" అంది. జూన్‌లో ఇదే పిల్ల, లెక్క తేలేదాకా అన్నానికి లేచేది కాదు. మావారేమో బద్ధకం, ఫోను ఎక్కువైంది అంటారు. నాకు మాత్రం ఆ సెక్షన్ మార్పే పిల్లను మార్చేసిందనిపిస్తోంది. ఈ పద్ధతి నిజంగా పిల్లలకు మేలు చేస్తుందా? చదువు చెప్పేవాళ్లు, సైకాలజీ చదివినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

గుంటూరు లెక్కల మాస్టారు:
అమ్మా, నేను 17 ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను, నా మాట కాస్త కటువుగా ఉంటే ఏమనుకోకండి. ఒకే గదిలో 70 మంది, అందులో పదిమందికి ఇంటిగ్రేషన్ ఒక్కసారి చెబితే వచ్చేస్తుంది, ఇరవై మందికి టెన్త్ ఆల్జీబ్రా దగ్గరే తడబాటు. నేను ఎవరికి చెప్పాలి? మధ్యవాళ్లకు చెబితే ఆ చివరివాళ్లూ ఈ చివరివాళ్లూ నష్టపోతారు. ఇది నా ఒక్కడి అనుభవమే కాదు. కెన్యాలో 121 ప్రాథమిక పాఠశాలల్లో ఎస్తేర్ డుఫ్లో, పాస్కలీన్ డ్యూపా, మైఖేల్ క్రెమర్ చేసిన పరిశోధన 2011లో అచ్చయింది. దాదాపు సగం బడుల్లో ఒకటో తరగతి పిల్లల్ని మార్కుల ప్రకారం రెండు సెక్షన్లు చేశారు, మిగతా బడుల్లో చీటీలు తీసినట్టు కలిపేసి రెండు చేశారు. 18 నెలల తర్వాత చూస్తే, మార్కుల ప్రకారం విడదీసిన బడుల్లో పై సెక్షన్ పిల్లలూ మెరుగయ్యారు, కింది సెక్షన్ పిల్లలూ మెరుగయ్యారు. సెక్షన్లే పాపం అంటే నేను ఒప్పుకోను.

నాగార్జున పీజీ:
మాస్టారూ, నేను నాగార్జున యూనివర్సిటీలో సోషియాలజీ పీజీ చేస్తున్నాను. ఆ పరిశోధనలో ఒక ముఖ్యమైన ముక్క మీరు వదిలేశారు. అక్కడ ఏ సెక్షన్‌కి ఏ టీచరు వెళ్లాలన్నది కూడా చీటీ తీసినట్టే నిర్ణయించారు. మన దగ్గర అలా జరుగుతుందా? నేను ఇంటర్ చదివిన చోట మంచి లెక్చరర్లంతా మొదటి రెండు సెక్షన్లకే, కొత్తగా చేరినవాళ్లు, మధ్యలో మానేసి వెళ్లేవాళ్లు కింది సెక్షన్లకు. రెండిటికీ సెక్షన్లు అనే పేరు పెట్టినంత మాత్రాన రెండూ ఒకటి కావు.

ఆంటీ అడిగినదానికి వస్తాను. రాబర్ట్ మెర్టన్ అనే సోషియాలజిస్టు 1948లో ఒక సంగతి వివరించాడు. బాగానే నడుస్తున్న బ్యాంకు మునిగిపోతోందని పుకారు పుడుతుంది, జనమంతా ఒక్కసారే డబ్బు తీసుకోవడానికి ఎగబడతారు, దాంతో బ్యాంకు నిజంగానే మునుగుతుంది. మొదట అబద్ధమే, అందరూ నమ్మేసరికి నిజమై కూర్చుంది. బడిలో ఇలాగే జరుగుతుందేమో అని రోసెంతాల్, జాకబ్సన్ కాలిఫోర్నియాలోని ఒక స్కూల్లో చూశారు, 1968లో ఫలితాలు వచ్చాయి. లాటరీ తీసినట్టు కొందరు పిల్లల్ని ఏరి, వీళ్లు ఈ ఏడాది బాగా ఎదుగుతారని టీచర్లకు చెప్పారు. ఏడాది తిరిగేసరికి ఒకటి, రెండు తరగతుల్లో ఆ పిల్లల ఐక్యూ స్కోర్లు మిగతావాళ్లకంటే ఎక్కువ పెరిగాయి. పై తరగతుల్లో ఆ తేడా కనబడలేదు, వాళ్లు వాడిన టెస్టు మీద విమర్శలూ వచ్చాయి, అందుకని దీన్నొక్కదాన్నే పట్టుకుని వాదించను.

నన్ను కదిలించింది మన దేశంలో జరిగినది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలు 642 మందికి కాగితం మీద గీసిన చిక్కుదారులు ఇచ్చి, బయటికి దారి కనుక్కోమన్నారు. ఎవరి కులం ఏమిటో చెప్పనప్పుడు దళిత పిల్లలు, పై కులాల పిల్లలు దాదాపు సమానంగా చేశారు. గదిలో అందరి ముందూ పేరుతోపాటు కులం కూడా చదివినప్పుడు దళిత పిల్లలు చేసినవి బాగా తగ్గిపోయాయి. కులం అవమానం జీవితాంతం ఉండేది, సెక్షన్‌తో దాన్ని సమానం చేయడం తప్పు. కానీ నలుగురిలో నీ స్థాయి ఇదీ అని చాటితే చేతిలో ఉన్న పని కూడా జారిపోతుందని మాత్రం అక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆ పసుపు తాడు చేస్తున్నదీ అదే.

అంకుల్ బద్ధకం అనడానికి కూడా సైకాలజీలో పేరుంది, ప్రాథమిక ఆపాదన దోషం అంటారు, 1977లో లీ రాస్ పెట్టిన పేరు. ఎదుటివాళ్లు ఏం చేసినా వాళ్ల స్వభావం అనేసి, వాళ్లున్న పరిస్థితిని తక్కువగా లెక్కేయడం.

ఏలూరు రోడ్డు పాత విద్యార్థి:
అందరూ కింది సెక్షన్ గురించే మాట్లాడుతున్నారు, నేను పై సెక్షన్‌లో ఆఖరివాడిని. టెన్త్ దాకా మా ఊళ్లో నేనే ఫస్టు, ఇక్కడికొచ్చి మొదటి సెక్షన్‌లో కూర్చున్నాక 60 మందిలో 58వ వాడిని. ఆ రెండేళ్లూ నాకు లెక్కలు రావనే అనుకున్నాను. నిజానికి వచ్చినవి ఒక్కటీ పోలేదు, పక్కవాళ్లు మారారు, అంతే. హెర్బర్ట్ మార్ష్ అనే సైకాలజిస్టు 1980ల నుంచి దీని మీదే పనిచేశాడు: ఒకే సత్తా ఉన్న పిల్లలు, అందరూ చురుకైనవాళ్లే ఉన్న చోట తమను తాము తక్కువ అనుకుంటారు. ఆంటీ, మీ అమ్మాయిని మళ్లీ రెండో సెక్షన్‌లోకి ఎలాగైనా వేయించాలని మాత్రం పట్టుబట్టకండి, అక్కడ చివరి బెంచీలో కూర్చుంటే ఏమవుతుందో నాకు తెలుసు.

గుంటూరు లెక్కల మాస్టారు:
పీజీ చదువుతున్న బాబూ, టీచర్ల సంగతిలో నువ్వు చెప్పింది నిజమే, కాదనలేను. మా దగ్గర కూడా ఇదే వరస, నాకు గత నాలుగేళ్లుగా కింది సెక్షన్ ఒక్కటీ వేయలేదు, వేయమని నేనూ అడగలేదు. అడగాల్సింది. కానీ ఒక మాట మీద నిలబడతాను. కింది సెక్షన్ అంటే తక్కువ చెప్పే సెక్షన్ కాకూడదు, మొదటినుంచి చెప్పే సెక్షన్ అవ్వాలి. అమ్మా, అలా చెబితే మీ అమ్మాయి లాంటివాళ్లు నిలదొక్కుకోవడం చూశాను. సబ్జెక్టు వారీగా విడదీసి, ప్రతి నెలా మార్చే వీలుంచితే ఇంకా మంచిది, ఎందుకంటే లెక్కల్లో వెనకబడిన పిల్ల కెమిస్ట్రీలో వెనకబడి ఉండాలనేం లేదు. రంగు తాళ్లు ఎవరి ఆలోచనో గానీ అవి తీసేయాలి.

పటమట అమ్మ:
అందరికీ థ్యాంక్స్ అండి. ఇవన్నీ మావారి చేత కూడా చదివించాను, ఏమీ అనలేదు, కానీ శనివారం పేరెంట్స్ మీటింగ్‌కి తనూ వస్తానన్నారు. ఆ తాడు అందరికీ ఒకటే రంగు పెట్టమని అడుగుదామనుకుంటున్నాం. మాస్టారు టీచర్ల మాట ఎత్తాక రాత్రి పిల్లను అడిగాను, మీ సెక్షన్‌కి లెక్కలు ఎవరు చెబుతున్నారని. "ఇప్పుడా? దసరా నుంచి ముగ్గురు మారారమ్మా, ఈ వారం ఎవరూ రావట్లేదు, స్టడీ అవర్ అని కూర్చోబెడుతున్నారు" అంది.