సమస్య: కత్తిరింపఁ గురులు కాళ్ళఁ దాఁకె

నిర్వాహకులు

చివరి పాదం నేనిస్తాను. పైకి పొసగనట్టుండే దానికి అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. ఈ వారం పాదం ఇదీ:

*కత్తిరింపఁ గురులు కాళ్ళఁ దాఁకె*

మా బంధువుల అమ్మాయికి మోకాళ్ళు దాటిన జడ. చివర్లు ఎంత తీయించుకోవాలో తేల్చుకోలేక ఇంటిల్లిపాదినీ అడుగుతోంది. ఒకరు రెండు వేళ్ళంటే ఒకరు బెత్తెడన్నారు, వాళ్ళ వదిన ఏకంగా జానెడంది. నాయనమ్మ మాత్రం కత్తెరే దాచేసింది. ఆ గొడవ వింటుంటే ఈ పాదం తట్టింది. పూరణలు ఆదివారం రాత్రి దాకా తీసుకుంటాను. యతి (పాదం మొదటి అక్షరానికి అదే పాదం మధ్యలో పడే జత అక్షరం) దగ్గర రాజీ లేదు.

ఏకశిల

చివర చిట్లె ననుచుఁ జిన్నదానికి నేఁడు
పీట వేసి యమ్మ బెత్తెడంత
కొలిచి చూచి తుదలు గుత్తిగా ముడిపెట్టి
కత్తిరింపఁ గురులు కాళ్ళఁ దాఁకె!

పాత పంతులు

ఏకశిలా, నడక సాఫీగా ఉంది. 'గుత్తిగా ముడిపెట్టి' అనడం చూస్తే ఇంట్లో ఆడపిల్లల జుట్టు కత్తిరించడం దగ్గరుండి చూసినవాడివని తెలుస్తోంది. ముడి వేయకుండా కోస్తే ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ వస్తుంది. అంతవరకు మెచ్చుకుంటున్నాను. కానీ తెగిన కురులు కాళ్ళ మీద పడ్డాయనే విరుపు పాదం చదవగానే ఎవరికైనా మొదట తట్టేదే. ఇదివరకు 'దీప మార్పఁ గదియె తేజరిల్లె' అన్న పాదం ఇచ్చినప్పుడూ నువ్విలాగే కిటికీలోంచి వెన్నెల తెచ్చి పూరించావు. అదీ మొదట తట్టేదే.

ఏకశిల

పంతులుగారూ, ఆ రోజు వెన్నెల పూరణ ముందు పెట్టింది నేను. కోనసీమగారు నా తర్వాత పెట్టారు. మీరు ఆయన పద్యాన్ని ఆకాశానికెత్తి నాదాన్ని 'అందరికీ తట్టేది' అన్నారు. ఒకే విరుపు ఆయన చేతిలో చమత్కారం, నా చేతిలో మామూలు ఎలా అవుతుందో అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పడం లేదు.

కోనసీమ

నా పద్యంలో వెన్నెల కిటికీలోంచి రాలేదు. దీపం ఆర్పాక గదిలో నిద్రపోతున్న పసివాడి ముఖం మీద పడింది. చదివి మాట్లాడితే బాగుంటుంది.

నిర్వాహకులు

దీపం సంగతి దాని పేజీలో తేల్చుకోండి. ఇక్కడ కురుల గురించి రాయండి.

నల్లమల

బెత్తెడన్న జానఁ బెట్టెఁ గత్తెర నామె;
చూడ జడయె లేదు చుట్టుకొనఁగ;
నేలపైన రాలె నిడుపైన జడ యయ్యొ!
కత్తిరింపఁ గురులు కాళ్ళఁ దాఁకె.

ఏకశిలగారి విరుపే నాదీ. కానీ నాకిది చమత్కారం కోసం రాయబుద్ధి కాలేదు. పోయిన వేసవిలో ఒక పార్లర్లో నాకు నిజంగా జరిగింది. తలంటి, తడి జుట్టును కిందికి లాగి దువ్వి, ఆ తడి మీదే కత్తెర పెట్టింది. తడిసిన జుట్టు సాగుతుంది. నాది కొంచెం ఉంగరాలు తిరిగే జుట్టు కూడా, ఆరాక పైకి ముడుచుకుపోయింది. బెత్తెడంటే తన చేతి నాలుగు వేళ్ళ వెడల్పని ఆమెకు తెలుసో లేదో, తీసింది మాత్రం జానెడు. పోనీ క్యాన్సర్ రోగుల విగ్గులకైనా ఇద్దామనుకుంటే, అలా తీసుకునే చోట చాలావరకు పది, పన్నెండు అంగుళాలకు తగ్గకూడదంటారు. తెగింది తొమ్మిది. అటు జడా పోయింది, ఇటు దానానికీ పనికిరాలేదు.

పాత పంతులు

అమ్మా నల్లమలా, 'యయ్యొ' పాదం చివర పడి పద్యమంతా దాని మీద నిలబడింది. ఆ స్థానంలో మామూలుగా ఊతపదం వేస్తారు, నువ్వు ఏడుపు పెట్టావు. ఏకశిల ఈ పద్యాన్ని పదిసార్లు చదువుకోవాలి.

కృష్ణాతీరం

అక్క మూరెడంత యనుజ పెండ్లికి నీయ
సవర మల్లి యమ్మ జతగఁ గూర్చి
పెద్దదైన జడకుఁ బెనవేసెఁ జేమంతి;
కత్తిరింపఁ గురులు కాళ్ళఁ దాఁకె!

తెగింది అక్క జుట్టు, సవరంగా (సొంత జడకు కలిపి అల్లే జుట్టుగా) తాకింది చెల్లెలి కాళ్ళను.

ఏకశిల

సవరం! ఇది నాకు తట్టనందుకు బాధగా ఉంది. ఒకరి తలది తెగి మరొకరి కాళ్ళదాకా వెళ్ళింది, పాదంలో ఒక్క అక్షరం వంచకుండా విరోధం పోయింది.

పాత పంతులు

విరుపు గొప్పదే, కాదనను. లెక్కే కుదరడం లేదు. మూర అంటే పద్దెనిమిది అంగుళాలు. చెల్లెలి సొంత జడ నడుం దాకా ఉందనుకున్నా, మూరెడు కలిపితే మోకాలి దగ్గరికి వస్తుంది. కాళ్ళను ఎక్కడ తాకింది?

కృష్ణాతీరం

పెళ్ళికూతురు నిలబడి ఉందని నేనెక్కడ రాశాను పంతులుగారూ? పీట మీద మడిచిన కాళ్ళతో కూర్చున్న పిల్లకు, పూలజడ వేసి జడకుప్పెలు కట్టాక, మోకాలి దాకా వచ్చే జడ పాదాల దగ్గరే పడి ఉంటుంది. మా ఇంటి పెళ్ళిళ్ళలో అది తొక్కకుండా పక్కకు సర్దడానికే ఒక మనిషి ఉంటుంది.

పాత పంతులు

పీట మాట పద్యంలో ఉంటే ఈ ప్రశ్నే రాదు కదా. ఏకశిల పద్యంలో పీట ఉంది, అక్కడ దానికి పనేమీ లేదు. పని ఉన్న నీ పద్యంలో లేదు.

పినాకిని

మొక్కుకొన్న యింతి మూడు కత్తెరలకె
వేంకటాద్రి నేలు విభుఁడు మెచ్చ,
నీల యిచ్చినట్టె నిండైన మనసిచ్చి
కత్తిరింపఁ గురులు కాళ్ళఁ దాఁకె!

పశువులకాపరి గొడ్డలి దెబ్బకు స్వామి తల మీద జుట్టు ఊడిన చోట నీలాదేవి తన కురులు కోసి పెట్టిందన్న కథ అందరికీ తెలిసిందే. ఎంత తీయాలన్న ప్రశ్నకు తిరుమల కల్యాణకట్టలో ఎప్పటినుంచో ఒక సమాధానం ఉంది. గుండు వద్దనుకునే ఆడవాళ్ళు మూడు కత్తెర్లు ఇస్తారు. కొలత లేదు, కొసలు చాలు. ఆ కొసలే స్వామి పాదాలకు చేరాయని నా భావం.

పాత పంతులు

పినాకినిగారూ, భావానికి నమస్కారం. 'మనసిచ్చి'కి కర్త ఇంతి. 'కత్తిరింప'కు కర్త ఎవరు? కల్యాణకట్టలో కత్తెర పట్టేది క్షురకుడు. ఆమె కత్తిరింపించుకుంది. ఇద్దరు కర్తలకు ఒకే క్త్వార్థం ('ఇచ్చి' లాంటి అసమాపక క్రియ) ఎలా కుదురుతుంది?

పినాకిని

'మనసీయ' అని మారిస్తే కర్త గొడవ పోతుంది, నిజమే. కానీ అప్పుడు ద్రుతం ('మనసీయన్' చివరి నకారం) వచ్చి మీ సమస్యే 'గత్తిరింప'గా మొదలవుతుంది. ఇచ్చిన పాదాన్ని మార్చమంటారా?

నిర్వాహకులు

పాదం మార్చకూడదు. మొక్కు ఆమెది, కురులు ఆమెవి కాబట్టి కర్తృత్వం ఆమెకే ఇస్తున్నాను. ఉంచండి.

కోనసీమ

ఏట నారు పెరుగ నింతి రెండంగుళా
లే విడిచెను దుదలు లెక్కపెట్టి;
పుష్కరంబు గడువఁగఁ బూఁబోఁడి తా నోర్చి
కత్తిరింపఁ గురులు కాళ్ళఁ దాఁకె!

ఇందులో ఎవరి కురులూ ఎక్కడా పడవు, ఒకరివి మరొకరికి వెళ్ళవు. జుట్టు నెలకు సుమారు అరంగుళం పెరుగుతుంది, అంటే ఏడాదికి ఆరు. ఏటా రెండు తీస్తే నాలుగు మిగులుతాయి. పన్నెండేళ్ళకు నలభై ఎనిమిది. భుజాల దగ్గర మొదలుపెడితే కాళ్ళు. కత్తిరిస్తూనే కాళ్ళను తాకించాను.

ఏకశిల

మూడో పాదం మూడో గణం చూడండి కోనసీమగారూ. 'గడువఁగ'లో 'గ' ఎక్కువైంది. నా పద్యాల్లో ఒక్క లఘువు జారితే మీరు ఎంత రాస్తారో ఈ పేజీలన్నిటికీ తెలుసు.

కోనసీమ

'గడువఁ' అని చదువుకోండి, అర్థం అదే. ఆ ఒక్క అక్షరం పట్టుకుని వేలాడితే లెక్క కనిపించదు.

పాత పంతులు

'పుష్కరంబు గడువఁ బూఁబోఁడి' అంటే గణమూ యతీ రెండూ సరిపోతాయి, సరే. మరి మొదటి పాదంలో 'ఇంతి', మూడో పాదంలో 'పూఁబోఁడి'. ఒక్క మనిషికి రెండుసార్లు ఎందుకు పేరు పెట్టావు? ఒకరు తుదలు తీస్తే ఇంకొకరు ఓర్చుకున్నట్టుంది.

నల్లమల

కర్త సంగతి నాకు తెలియదు కానీ, కోనసీమగారి లెక్కలో ఒకటి వదిలేశారు. వెంట్రుక అలా ఎన్నేళ్ళయినా పెరుగుతూ పోదు. ఒక్కో వెంట్రుక పెరిగే దశ సాధారణంగా రెండేళ్ళ నుంచి ఆరేళ్ళు. తర్వాత అది రాలి, అదే కుదురులో కొత్తది మొదలవుతుంది. అందుకే ఎంత ఓర్చినా చాలామందికి నడుం దగ్గరో కొంచెం కిందనో ఆగిపోతుంది. కాళ్ళదాకా వచ్చేవాళ్ళకు ఆ దశే చాలా పొడుగు. ఇంకొకటి, కొసలు కత్తిరిస్తే జుట్టు తొందరగా పెరుగుతుందనేది నిజం కాదు. పెరిగేది కుదురు దగ్గర, కత్తెర తగిలేది కొసకు. చిట్లిన చోటు తీసేస్తే పైకి పాకకుండా ఆగుతుంది, అంతే. 'కత్తిరింపఁ గురులు' పెరిగాయన్నట్టు ఎవరైనా పూరిస్తారేమోనని మొదటినుంచీ భయపడుతున్నాను. కోనసీమగారు అలా రాయలేదు, అందుకు సంతోషం.

బంధువుల అమ్మాయి గురించి నిర్వాహకులవారు ఇంకేమీ చెప్పలేదు కాబట్టి నా మాట చెబుతాను. జుట్టు పూర్తిగా ఆరనిచ్చి, వదులుగా ఒక జడ అల్లుకోవాలి. పై నుంచి కిందికి పిడికిట్లో పట్టుకుంటూ రావాలి. ఒక చోట జడ పిడికిట్లోంచి జారిపోయేంత సన్నబడుతుంది, అక్కణ్ణుంచి కింద ఉన్నది ఎలుక తోకే. అక్కడో రబ్బరు బ్యాండు, దానికి రెండు వేళ్ళ కింద ఇంకోటి వేసి ఒక వారం అలాగే తిరగాలి. కింది బ్యాండు దగ్గర ముందు తీయించుకుని, చాలకపోతే పై బ్యాండు దగ్గరికి వెళ్ళొచ్చు. కత్తెర పెట్టేముందు మాత్రం జడ విప్పేయాలి. అల్లిన జడ మీద కోస్తే పాయ పాయకూ ఒక పొడుగు వస్తుంది. గజం పొడవున్న వెంట్రుక కొస దాదాపు ఆరేళ్ళ నాటిది. అంత కాలం కాపాడుకున్నదాన్ని పార్లర్ కుర్చీలో కూర్చున్నాక అప్పటికప్పుడు తేల్చకూడదు.

ఏకశిల

నల్లమలగారి పద్యం చదివాక నా మొదటి పూరణ తేలికగా అనిపించింది. ఆవిడ బెత్తెడన్న మాటను వినే మనిషి ఒకరుండాలని ఇంకొకటి రాశాను.

నేల నీడ్చు జడను నెమ్మదిగాఁ జూచి
యెంత తీయవలెనొ యెంచి యెంచి
బెత్తెడన్న మాట పెద్దమ్మ మన్నించి
కత్తిరింపఁ గురులు కాళ్ళఁ దాఁకె!

కృష్ణాతీరం

నేల మీద ఈడ్చే జడను కత్తిరిస్తే కాళ్ళ దగ్గరికి వచ్చింది! ఇంతమంది పై నుంచి కిందికి పెంచుకుంటూ వెళ్ళాం. ఈయన కింది నుంచి పైకి వచ్చారు. నా సవరం కంటే ఇదే మంచి పూరణ.

కోనసీమ

చమత్కారం ఉంది. నేల నీడ్చే జడ మాత్రం కవిసమయమే, కవులు వాడుకునే కల్పన. అంత జుట్టు ఎవరికుంటుంది?

కృష్ణాతీరం

ఎందుకుండదు? ఉత్తరప్రదేశ్‌కు చెందిన స్మితా శ్రీవాస్తవ జుట్టు 236.22 సెంటీమీటర్లని 2023లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. ఏడడుగుల తొమ్మిది అంగుళాలు. నిలబడితే నేల మీద చాప పరిచినట్టుంటుంది. గుజరాత్ అమ్మాయి నీలాంశీ పటేల్ రెండు మీటర్ల దాకా పెంచి, టీనేజర్లలో రికార్డు సాధించి, 2021లో కత్తిరించుకుంది. ఏకశిల పద్యంలో ఉన్నది కవిసమయం కాదు.

పాత పంతులు

చూచి, యెంచి, మన్నించి, కత్తిరింప. నాలుగింటికీ ఒకే కర్త, పెద్దమ్మ. పునరుక్తి ఒక్క 'యెంచి యెంచి' దగ్గరే, అక్కడ అది తప్పు కాదు. ఆమె ఎంత సేపు ఆలోచించిందో ఆ రెండు గణాల్లోనే ఉంది. ఏకశిలా, వెన్నెల పద్యం గురించి నేనన్న మాట వెనక్కి తీసుకోను. ఈ పద్యానికి మాత్రం నా ఓటు నీకే.

నల్లమల

ఏకశిలగారూ, మీ పెద్దమ్మ ఏ ఊళ్ళో ఉంటారో చెప్పండి, వచ్చే ఏడు ఆవిడ దగ్గరికే వెళ్తాను.

కోనసీమ

పద్యం మంచిదే. నా ఓటు సవరానికి. పంతులుగారు పీట అడిగారు కాబట్టి, కృష్ణాతీరంగారూ, రెండో పాదం 'సవర మల్లి యమ్మ' తీసేసి 'పీటపైన నమ్మ' అని మొదలుపెడితే యతి ఎక్కడికి పోతుందో ఆయన్నే చూడమనండి.

నిర్వాహకులు

ఓట్లు రేపు మధ్యాహ్నం దాకా తెరిచి ఉంటాయి. ఈ పూరణలన్నీ ఆ అమ్మాయికి చదివి వినిపించాను. జడకు ప్రస్తుతం రెండు రబ్బరు బ్యాండ్లు ఉన్నాయి. కత్తెర ఇంకా నాయనమ్మ దగ్గరే ఉంది.