అప్‌డేట్: తమ్ముడి ఆచూకీ ఇంకా దొరకలేదు

మా చిన్నమ్మ కొడుకు నల్గొండలో హైదరాబాద్ బస్సెక్కి కనబడకుండా పోయాడని, స్టేషన్‌కు పోతే మా పరిధి కాదు పొమ్మంటున్నారని, ఏం చేయాలని అడిగాను కదా. మీరు చెప్పినవన్నీ చేశాం, కానీ వాడు దొరకలేదు.

కేసు మాత్రం నమోదైంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173 సెక్షన్ కింద పరిధితో పని లేకుండా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టొచ్చని అర్జీలో రాసి ఇచ్చాక తీసుకున్నారు, కాపీ కూడా ఉచితంగానే ఇచ్చారు. "ఏదో లవ్ మ్యాటర్ అయ్యుంటది, వాడే వస్తాడు" అన్న మాట మాత్రం పోలీసులు చిన్నమ్మ ముందు అనాల్సింది కాదు.

బస్టాండ్ సీసీ కెమెరాలో బ్యాగు ముందుకు వేసుకుని, కండక్టర్‌ను ఏదో అడిగి, ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి ఓసారి చూసి ఎక్కడం స్పష్టంగా ఉంది, కానీ ఎక్కడ దిగాడో ఎవరికీ తెలియదు. ఫోన్ చౌటుప్పల్ టవర్ దగ్గర ఆగిపోయింది.

ఫోటో వాట్సాప్‌లో తిరిగాక ఒకడు ఫోన్ చేసి మీవాడు మా దగ్గరున్నాడు, డబ్బులు పంపండన్నాడు. తమ్ముడితో మాట్లాడించమంటే కట్ చేశాడు, నంబర్ పోలీసులకిచ్చాం. మీకూ ఇలాంటి ఫోన్ వస్తే టెన్షన్‌లో పైసా కూడా పంపకండి.

హైకోర్టులో హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్) వేద్దామంటే, ఎవరో నిర్బంధించారని కనీస ఆధారం ఉండాలంటున్నాడు లాయర్. మీలో ఎవరైనా వేసి ఉంటే ఏం చూపించారో చెప్పండి.