చర్చి సీటు కింద నక్క ప్రసంగం: చర్చివాళ్లు ఎలా ఒప్పుకున్నారు?

బరంపురం_చిత్రిక:
మా అల్లుడు ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉంటాడు. అక్కడికి దగ్గర్లో ఉన్న రిపన్ కెతీడ్రల్ చూసొచ్చి వాట్సాప్‌లో ఫొటోలు పంపాడు. గురువులు కూర్చుని కీర్తనలు పాడే వరసల్లో మడత సీట్లున్నాయి. సీటు పైకెత్తితే అడుగున చిన్న అంచు, ఆ అంచు కింద నగిషీ. గంటల కొద్దీ నిలబడి ప్రార్థన చేయలేని ముసలి గురువులు ఆ అంచుకి పిర్రలు ఆనించి సేదతీరేవారట. చూసేవాళ్లకి నిలబడ్డట్టే ఉంటుంది. భలే ఉపాయం!

వడ్రంగిని కాబట్టి ముందు పనే చూశాను. అంచు, బొమ్మ, సీటు అన్నీ ఒకే ఓక్ చెక్కలోంచి తీసినవి. అతికిస్తే మనిషి బరువుకి ఊడొస్తుంది మరి. అంటే మందపాటి చెక్క పెట్టి, బొమ్మ చుట్టూ ఉన్నదంతా ఉలితో తీసి పారేయాలి. అంత వేస్టేజీకి ఈ రోజుల్లో ఏ కస్టమరు డబ్బిస్తాడు?

ఇక నా సందేహం. ఒక సీటు కింద నక్క ప్రసంగ పీఠం ఎక్కి పెద్దబాతుకీ కోడిపుంజుకీ ఉపదేశం చేస్తోంది. 1489-94 మధ్య చెక్కినవట. చర్చిలో, అదీ గురువులు కూర్చునే చోట, ప్రసంగించేవాణ్ణి నక్కని చేస్తే ఎలా ఊరుకున్నారు? చెక్కినవాడు దొంగచాటుగా చేశాడని అల్లుడి వాదన. నాకు నమ్మకం లేదు. నెలల తరబడి సాగే పని, కూలి ఇచ్చేది చర్చివాళ్లు. ఎవరి కంటా పడకుండా ఎలా అవుతుంది?

రాయగడ_టీచరమ్మ:
మీ అనుమానం సరైనదే అన్నగారూ. అప్పట్లో రిపన్ చర్చిని నడిపింది కానన్లు, అంటే ఆ చర్చికే చెందిన గురువులు. ఊరూరా తిరిగి ప్రసంగాలు చేసి జనం దగ్గర కానుకలు పట్టుకుపోయే ఫ్రయర్లంటే ఇలాంటివాళ్లకి కడుపుమంట. ఆ నక్క తిరుగుళ్ల ఫ్రయరేనని చాలామంది పండితుల మాట. తమ మీద జోకైతే ఒప్పుకునేవారో లేదో గానీ, పోటీదారుడి మీద కదా, హాయిగా నవ్వుకుని ఉంటారు.

ఇంగ్లండులోనే బెవర్లీ మిన్‌స్టర్ అనే చర్చిలో 1520 నాటివి ఇలాంటి సీట్లు 68 ఉన్నాయి. అక్కడ బాతులన్నీ చేరి నక్కని ఉరి తీస్తున్న బొమ్మ కూడా ఉంది. మాంచెస్టర్ కెతీడ్రల్‌లో కుందేలు వేటగాణ్ణే ఊచకి గుచ్చి కాలుస్తుంది. లడ్లో ఊరి చర్చిలో కల్తీ కొలతలతో బీరు అమ్మినావిడని దయ్యం భుజాన వేసుకుని నరకానికి మోసుకుపోతోంది, ఆవిడ చేతిలో కూజా మాత్రం వదల్లేదు! నాకైతే అన్నిట్లోకీ అదే ఇష్టం.

మన పూరీలోనూ రథం మీద నిలబడి లాగేవాళ్లని హుషారెత్తించే డాహుకలు బూతు కలిసిన బోలీలు (పాటలు) పాడేవారు కదా. దేవుడి దగ్గర నవ్వు కొత్తేం కాదు.

పర్లాకిమిడి_కుర్రాడు:
ఎక్సెటర్ కెతీడ్రల్‌లో ఇలాంటి సీటు కింద ఏనుగు ఉంది సార్, 13వ శతాబ్దంది. తొండం, దంతాలు బాగానే ఉన్నాయి, కాళ్లకి మాత్రం గిట్టలు పెట్టేశాడు. 1255లో ఫ్రాన్సు రాజు ఇంగ్లండు రాజు మూడో హెన్రీకి ఏనుగుని కానుకగా పంపితే లండన్ టవర్‌లో ఉంచారు. చెక్కినవాడు దాన్ని చూసుంటే గిట్టలు పెట్టేవాడా? మా గజపతి జిల్లాలో పొలాల మీద పడే ఏనుగుల పాదాలు ఎలా ఉంటాయో చిన్నపిల్లలు కూడా చెప్తారు.

బరంపురం_చిత్రిక:
టీచరమ్మగారూ, కడుపుమంట సంగతి బాగుంది. డాహుకతో పోలిక మాత్రం నాకు కుదర్లేదు. అతను లక్షల మంది ముందు గొంతెత్తి పాడతాడు. ఇది సీటు కింద, కూర్చునేవాడు ఎత్తితే తప్ప కనపడదు.

నాకు తోచింది ఒకటి చెప్తాను. ఆ అంచుకి ఆనేది పిర్రలు. అక్కడ ఏసునో మేరీ మాతనో చెక్కుతారా? మేమూ గజలక్ష్మిని ద్వారబంధం పైకమ్మి మీదే చెక్కుతాం, కాలు తగిలే చోట చెక్కమంటే ఏ వడ్రంగీ ఒప్పుకోడు. దేవుడికి పనికిరాని జాగా కాబట్టి నక్కలకీ కోతులకీ వదిలేసి ఉంటారు. అల్లుడు పంపినవాటిలో దేవుడి బొమ్మలు తక్కువే.

ఇంతకీ మన గంజాంలో బుగుడా బిరంచినారాయణ గుడి కొయ్యపని దగ్గర్నుంచి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ముందువైపు ఫొటోలు వద్దు, అవి నెట్‌లో బోలెడు. దూలాల అడుగు, స్తంభాల మూలలు, టార్చి వేసి తీస్తేనే కనిపించేవి కావాలి.