“యెహోవాను శోధింపను” అన్నందుకు ఆహాజుకు చీవాట్లు ఎందుకు?

యెషయా 7:12 మీద ఒక సందేహం. సూచన (దేవుడు చూపే గుర్తు) అడుగు అని ప్రవక్త యెషయా అంటే యూదా రాజు ఆహాజు “నేను అడుగను, యెహోవాను శోధింపను” అన్నాడు. శోధించడమంటే వెతకడమనా? పైగా మాట వినయంగానే ఉంది కదా, యెషయాకు అంత కోపమెందుకు?

↳ వెతకడం కాదండీ, పరీక్ష పెట్టడం. ప్రార్థనలో “శోధనలు” అంటామే, అదే మాట. దేవుణ్ణి శోధింపకూడదని ద్వితీయోపదేశకాండం 6:16లో ఉంది. ఆహాజు దాన్నే అడ్డం పెట్టుకున్నాడు. కానీ అడగమన్నది దేవుడే అయితే ఇక శోధించడం ఎక్కడిది?

అసలు సంగతి వేరు. క్రీ.పూ. 735 ప్రాంతంలో సిరియా రాజు రెజీను, ఇశ్రాయేలు రాజు పెకహు కలిసి యెరూషలేము మీదికొచ్చారు. ఆ టెన్షన్‌లో ఆహాజు అష్షూరు (అస్సీరియా) రాజు తిగ్లత్పిలేసెరును ఆశ్రయించాడు. “నేను నీ దాసుణ్ణి, నీ కుమారుణ్ణి” అని కబురంపి, మందిరంలోని వెండి బంగారాలు కానుకగా పంపాడు (2 రాజులు 16:7-8). దావీదు సంతానాన్ని కుమారుడిగా చూసుకుంటానని యెహోవా మాటిచ్చిన వంశం అది! సూచన కనబడితే అష్షూరు ఆలోచన మానుకోవాలి. అందుకే ఈ భక్తి మాట అని నాకనిపిస్తుంది.

11, 13 వచనాలు పక్కపక్కన పెట్టి చూడండి. ముందు “నీ దేవుడైన యెహోవా” అన్న యెషయా, ఈ జవాబు విన్నాక “నా దేవుని కూడ విసికింతురా” అంటాడు.

↳ బాగా పట్టుకున్నారు మాష్టారూ. ఇంకోటి. యెషయా ఆహాజును కలిసింది చాకిరేవు దారిలో, పై కోనేటి కాలువ దగ్గర (7:3). ముట్టడి భయముంటే ఎవరైనా ముందు చూసుకునేది నీళ్ళే. క్రీ.పూ. 701లో, కొడుకు హిజ్కియా ఏలుబడిలో, అష్షూరు రాజు పంపిన అధికారి రబ్షాకే వచ్చి నిలబడి బెదిరించిందీ ఆ చాకిరేవు దారిలోనే (36:2). తండ్రి పిలిచిన అష్షూరే గుమ్మంలోకొచ్చింది. ఈసారి రాజు యెహోవాను నమ్మాడు.

↳ అంత తేలిగ్గా తేల్చెయ్యకండి. హిజ్కియా కూడా ముందు లాకీషులో ఉన్న అష్షూరు రాజుకు కబురంపి, తప్పయిందని ఒప్పుకుని కప్పం కట్టాడు. మందిరం తలుపులకు తాను తొడిగించిన బంగారాన్ని తానే ఒలిచి ఇచ్చాడు (2 రాజులు 18:14-16). అలాంటి రాజు ఇంకొకడు లేడని పొగిడిందీ అదే అధ్యాయం!

↳ నిజమే. కప్పం కట్టినా దండు కదల్లేదు. అష్షూరు వాళ్ళ బెదిరింపు ఉత్తరాన్ని హిజ్కియా మందిరంలో యెహోవా ముందు పరిచి ప్రార్థించింది ఆ తర్వాతే (19:14). ఆహాజు మాత్రం అష్షూరు రాజును కలవడానికి దమస్కు వెళ్ళి, అక్కడ చూసిన బలిపీఠం నమూనాను యాజకుడు ఊరియాకు పంపి, యెరూషలేములో అలాంటిదే కట్టించాడు.