మేరీ బ్లాగ్‌ను ఖగోళ శాస్త్రవేత్త అనొచ్చా?

లెక్కలమనిషి: పిల్లల కోసం మహిళా శాస్త్రవేత్తల పోస్టర్లు వేస్తున్నాం. మేరీ బ్లాగ్‌ది కూడా వేద్దామని మా వాళ్లు, వద్దని నేను. ఇంగ్లండ్‌లో చీడిల్ అనే చిన్న ఊళ్లో 1858లో పుట్టి, 1944లో పోయారు. కాలేజీ చదువు లేకపోయినా అన్నదమ్ముల పుస్తకాలు తెచ్చుకుని లెక్కలు నేర్చుకున్నారు. అది గొప్ప విషయమే. కానీ ఆమె ముఖ్యంగా చేసింది చంద్రుడి మీది బిలాల పేర్లు సరిచూసి పట్టిక రాయడం. పట్టిక రాస్తే శాస్త్రవేత్త అయిపోతారా? ఆడవాళ్లు కదా అని కొలత తగ్గిస్తే అది ఆమెకే అవమానం కదా?

సర్వేనంబర్: సార్, నేను భూముల రికార్డుల్లో పనిచేస్తాను. ‘పట్టిక రాస్తే’ అన్న మాట మనసుకు తగిలింది. మా దగ్గర ఒకే పొలానికి ఎఫ్‌ఎంబీలో (పొలం కొలతల పుస్తకంలో) ఒక హద్దు, అడంగల్‌లో (సాగు రికార్డులో) ఒక పేరు, ఊరివాళ్ల నోట ఇంకో పేరు ఉంటాయి. ఆ మూడూ ఒకటేనని తేల్చాలంటే గొలుసు పట్టుకుని పొలానికి పోవాల్సిందే. ఆమె తేల్చాల్సిన నేలకు పోయే దారే లేదు. మెడ్లర్, నైసన్, ష్మిట్ అని ముగ్గురు గీసిన మూడు మ్యాపులు ముందున్నాయి. ఒకే బిలానికి ఒక్కొక్కరు ఒక్కో పేరు, ఒకే పేరు వేర్వేరు బిలాలకు. ఒక ఉపన్యాసం విన్నాక, నడివయసులో, ఈ పని మొదలుపెట్టారు. 1913లో పుస్తకంగా వచ్చింది. తర్వాత కార్ల్ మ్యూలర్‌తో కలిసి 1935లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధికారిక జాబితా ఇచ్చారు. మన చంద్రయాన్-3 దిగిన చోటికి ‘శివశక్తి’ పేరును 2024 మార్చిలో ఆమోదించింది ఆ సంఘమే.

డాబామీదచుక్కలు: మ్యాపుల్లో తేడాలు ఎందుకొస్తాయో చూసినవాళ్లకే తెలుస్తుంది. మా బడి డాబా మీద పిల్లలకు టెలిస్కోప్‌లో చంద్రుణ్ని చూపిస్తుంటాను. శుద్ధ అష్టమి రాత్రి వెలుగు, చీకటి కలిసే గీత పక్కన ఒక బిలం లోతైన బావిలా, అంచులన్నీ తేరి కనిపిస్తుంది. పౌర్ణమికి అదే చోట చూస్తే తెల్లటి మరక తప్ప ఏమీ ఉండదు. పోయినసారి ఒక పాప ‘టీచర్, పూడ్చేశారా?’ అని అడిగింది. నీడ లేకపోతే లోతు తెలియదు. ఒకరు పొద్దు పొడిచే వేళ చూసి గీశారు, ఇంకొకరు ఎండ నడినెత్తిన ఉండగా గీశారు. ఆ రెండు గీతలూ ఒకటా కాదా అని తేల్చాలంటే చంద్రుడి మీద వెలుగు ఎలా నడుస్తుందో ఒంటబట్టి ఉండాలి. అది గుమాస్తా పని కాదండీ.

లెక్కలమనిషి: టీచర్ గారూ, నీడల సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ పనిలో పక్కన చంద్రుడి మ్యాపుల మీద పనిచేసిన సాండర్ ఉన్నారు, తర్వాత ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ టర్నర్ ఉన్నారు. ఆమె వాళ్ల సహాయకురాలు మాత్రమే అనుకోవచ్చుగా?

బేగంపేటవాసి: సాండర్ 1912లోనే పోయారు. టర్నర్ మాటకొస్తే, వెలుగు మారే నక్షత్రాల మీద బాక్సెండెల్ అనే ఆయన వదిలివెళ్లిన పాత పరిశీలనలు టర్నర్ దగ్గరికి చేరాయి. వాటిని విడదీసి లెక్క కట్టింది బ్లాగ్. 1912 నుంచి 1918 దాకా 10 పేపర్లు వచ్చాయి. పనిలో ఎక్కువ భాగం ఆమెదేనని టర్నరే చెప్పారు. 1916 జనవరిలో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ మొదటిసారి ఆడవాళ్లను ఫెలోలుగా తీసుకుంటే, ఆ ఐదుగురిలో ఆమె ఒకరు. సూర్యుడి నుంచి ఒక్కో గ్రహం దూరం ముందుదానికి దాదాపు రెట్టింపు ఉంటుందని బోడే చెప్పిన సూత్రాన్ని కూడా 1913లో తిరగరాశారు. 2కు బదులు 1.7275 నిష్పత్తి వాడి, గురుడు, శని ఉపగ్రహాలకూ సరిపోయేలా చేశారు.

ఇంకో మాట. మా హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ ఏళ్ల తరబడి ఆకాశాన్ని ఫోటో ప్లేట్ల మీదికి ఎక్కించి, నక్షత్రాల స్థానాలు కొలిచి, ప్రపంచ నక్షత్ర పట్టికకు తన వాటా ఇచ్చింది. దాన్ని మనం గర్వంగా ఖగోళ శాస్త్రమే అంటాం. చీడిల్‌లో ఇంట్లో కూర్చుని చేసిన పనికి మాత్రం వేరే పేరు ఎందుకు?

లెక్కలమనిషి: బోడే సూత్రం విషయంలో నా మాట మారదు. దానికి భౌతిక కారణం ఏదీ తేలలేదు. అంకెలు సర్దితే కుదిరేవి చాలా ఉంటాయి, దాన్ని పోస్టర్‌లో వేయను. ‘పట్టిక రాస్తే’ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. పేరు కింద ‘ఖగోళ శాస్త్రవేత్త’ అనే వేస్తాం. ఆమె పేరుతో బిలం ఉందంటారు, ఫోటో దొరుకుతుందా?

డాబామీదచుక్కలు: ఉంది సార్. మనకు కనిపించే చంద్రుడి ముఖానికి దాదాపు నడిమధ్య, సైనస్ మెడీ అనే చదునైన నేల మీద. వెడల్పు 5 కిలోమీటర్లే, మా టెలిస్కోప్‌లో చుక్కంత. వచ్చే శుద్ధ అష్టమికి పొద్దుపొడుపు గీత ఆ చుట్టుపక్కలే ఉంటుంది. మబ్బు లేకపోతే ఫోన్‌తో తీసి, బాణం గుర్తు పెట్టి పంపిస్తాను.