జూనిపర్ బోన్సాయ్‌కి ఎర్రమట్టా, ఇటుక ముక్కలా?

కొత్తకుండీ (హైదరాబాద్):
అందరికీ నమస్కారం. మా చెల్లెలు పుట్టినరోజుకి జూనిపర్ బోన్సాయ్ ఇచ్చింది. మొక్క జానెడు కూడా ఉండదు. నర్సరీ ఆయన ఎర్రమట్టి, వర్మీకంపోస్టు సగం సగం కలిపి వేసుకోమన్నాడు, హాల్లో టీవీ పక్కన పెట్టుకోవచ్చట. యూట్యూబ్‌లో చూస్తే అసలు మట్టే వద్దంటున్నారు. అకడమా అనే జపాన్ మట్టి గుళికలు, ప్యూమిస్ అనే తేలిక రాయి, లావా రాయి సమానంగా కలపాలట. అకడమా ధర చూశాక మొక్కే చవక అనిపించింది! మాది ఐదో అంతస్తు, పడమటి బాల్కనీ. కొత్తవాడికి ఏది నయమో చెప్పండి.

మిద్దెతోట మామ్మ:
మొక్కకి మట్టి వద్దనడం ఏమిటి నాయనా? రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు. కుండీ అడుగున పెంకులు ఒక వరస. మా మేడ మీద మందారాలు, మల్లెలు అన్నీ ఇందులోనే పెరిగాయి. రాళ్లలో పెట్టి, మేలో రెండు రోజులు ఊరెళ్లొస్తే ఏం మిగులుతుంది? కట్టెపుల్ల.

సిండర్ సీను:
మామ్మ గారూ, మందారానికి మీ లెక్క కరెక్టే. కానీ మీ కుండీ అడుగు లోతు, బోన్సాయ్ ట్రే రెండంగుళాలు. తేడా అక్కడే వస్తుంది.

గిన్నెలు తోమే స్పాంజిని నీళ్లలో ముంచి అరచేతిలో పడుకోబెట్టి పట్టుకోండి. కారడం ఆగాక దాన్నే నిలువుగా తిప్పండి, మళ్లీ నీళ్లు కారతాయి. మట్టి కూడా అంతే. నీళ్లన్నీ కారిపోయాయని మనం అనుకున్నా అడుగున కొంత ఎత్తు వరకు తడి నిలిచే ఉంటుంది. ఆ ఎత్తు రేణువు సైజును బట్టి ఉంటుంది, కుండీ లోతును బట్టి కాదు. లోతు కుండీలో ఆ తడి పైన వేళ్లకు బోలెడంత చోటు. ట్రేలో మెత్తటి మట్టి వేస్తే దాదాపు అంతా ఆ తడే. గాలి ఆడక వేళ్లు కుళ్లుతాయి.

పెంకుల వరస వేసినా లాభం లేదు. నీళ్లు తేలిగ్గా పెంకుల్లోకి దిగవు, పై మట్టిలోనే ఆగుతాయి. ఉన్న రెండంగుళాల్లో అరంగుళం దండగ. బొక్క మీద నెట్ ముక్క చాలు.

అకడమా దేవలోకం నుంచి దిగిందేం కాదు. జపాన్‌లో తొచిగి చుట్టుపక్కల తవ్వే అగ్నిపర్వతపు మట్టి గుళికలు. వాళ్లకి దగ్గర్లో దొరుకుతుంది, వాడతారు. మనకి ఇటుక దొరుకుతుంది. బాగా కాలిన ఇటుక పగలగొట్టి జల్లెడ పట్టి, 3 నుంచి 6 మిల్లీమీటర్ల ముక్కలే ఉంచుకోండి. నీళ్లు తేటపడే దాకా కడగండి. పొడి మిగిలితే సందులన్నీ పూడ్చేస్తుంది, పడ్డ కష్టం వృథా.

ఎడిసన్ వాసి (న్యూజెర్సీ):
మట్టి మీద యుద్ధం బాగుంది గానీ, "టీవీ పక్కన" అన్నమాట ఎవరికీ కనపడలేదా? జూనిపర్ బయట బతికే చెట్టు బ్రో. దానికి ఎండ కావాలి, గాలి కావాలి, చలికాలంలో కాస్త విశ్రాంతి కావాలి.

నా మొదటి జూనిపర్‌ని ఇంట్లోనే చంపాను. పైన గులకరాళ్లు జిగురుతో అంటించి అమ్మారు. నీళ్లు పోస్తే రాళ్ల మీద నుంచి జారి పళ్లెంలోకి పోయేవి, నేనేమో బాగా తడిసిందనుకునేవాణ్ణి. డిసెంబర్‌లో కొన్నది ఫిబ్రవరిలోనూ పచ్చగానే ఉంది. ఒకరోజు రెమ్మ నలిపితే చేతిలో పొడిపొడిగా రాలింది. వేళ్లు చచ్చాక కూడా వారాల తరబడి ఈ చెట్టు పచ్చగా కనిపించి మోసం చేస్తుంది. ఇప్పుడున్నది మంచులో కూడా బయటే ఉంటుంది. చలికి ముందు దెబ్బతినేవి వేళ్లే కాబట్టి, కుండీని నేల మీదకి దించి చుట్టూ ఎండుటాకులు కప్పుతాను.

మిద్దెతోట మామ్మ:
బయట పెట్టాలన్నది ఒప్పుకున్నాను. స్పాంజి కూడా తిప్పి చూశాను, నిజమే. కానీ నా మే నెల ప్రశ్నకి జవాబేదీ?

సిండర్ సీను:
దొరికిపోయాను మామ్మ గారూ. ఉత్త ఇటుకతో మన ఎండల్లో పొద్దునా సాయంత్రమూ పోయాల్సిందే. అందుకే నేను మూడు పాళ్ల ఇటుకకి ఒక పాలు కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కలుపుతాను. వీడియోల్లో చెప్పేవాళ్లు చాలామంది చల్లటి దేశాల వాళ్లు, వాళ్ల కొలత మనకి అతకదు. ఊరెళ్తే పక్కింటివాళ్లకి చెప్పి వెళ్లాల్సిందే, ఇంకో దారి నాకు దొరకలేదు.

పడమటి బాల్కనీలో మధ్యాహ్నం గోడ కూడా కాలుతుంది, వేసవిలో గ్రీన్ నెట్ కట్టండి. రోజూ లెక్కగా గ్లాసుడు పోయడం మాత్రం వద్దు. అగరుబత్తి వెలిగించాక మిగిలిన పుల్లని మట్టిలో గుచ్చి పది నిమిషాలాగి తీయండి. తడి అంటకుండా వచ్చిందంటే అడుగు నుంచి కారేదాకా పోయండి.

కొత్తకుండీ:
ఇప్పుడే పైమట్టి కాస్త తవ్వాను. లోపల మొదలు చుట్టూ బంకమట్టి ముద్ద, క్రికెట్ బాల్ అంత గట్టిగా ఉంది. పుల్ల దిగడం లేదు. చుట్టూ తడి, ముద్ద మాత్రం ఎండిపోయింది. ఇవాళే కడిగేసి ఇటుకలోకి మార్చనా?

సిండర్ సీను:
ఆగండి, ఆగండి! మొత్తం ఒకేసారి కడిగితే జూనిపర్ తట్టుకోదు. నేనైతే జనవరిలో, చల్లగా ఉన్నప్పుడు మారుస్తాను. ఈసారి ముద్దలో ఒక పక్క సగం, మిగతా సగం రెండేళ్లు పోయాక. అప్పటిదాకా కుండీని బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి తీయండి, ముద్ద లోపలికి నీళ్లు దిగుతాయి.

మిద్దెతోట మామ్మ:
ముందు బతికుందో లేదో చూడు నాయనా. కొమ్మని గోరుతో సన్నగా గీకు. లోపల పచ్చగా ఉందా?

కొత్తకుండీ:
కింది రెండు కొమ్మలూ పచ్చగానే ఉన్నాయి. పైకొన మాత్రం గోధుమరంగు.

మిద్దెతోట మామ్మ:
అయితే ఇంకా ఉంది. కొన జోలికి పోకు. టీవీ పక్క నుంచి ఇప్పుడే తియ్యి, రెండు వారాలు బాల్కనీలో నీడపట్టున ఉంచి, తర్వాత పొద్దుటెండ తగిలే చోట పెట్టు. జనవరిలో ఇటుక కొట్టేటప్పుడు సీనూ, నాకూ ఒక బుట్టెడు పక్కన పెట్టు.